రాత్రికి సరిపడా

కెన్యా బస్తీ సంతలో
చిరుగుల గొడుగు కింద మామా న్గలూలా బల్ల.
ఒక పక్క ఎండు చేపలు, ఒక పక్క బ్యాటరీలు.
రెండిటికీ ఒకే మొహంతో ధర చెబుతుంది.
లుబుంబాషిలో మా వైపు
కరెంటు పోయి ఇది నాలుగో రోజు.

"దేనికి?"
గిటారుకి ఒకటి, పలకలది, తొమ్మిది వోల్టులది.
ఆంప్లిఫయరుకి ఆరు, లావువి.
"ఎంతసేపటికి?"
తెల్లారేదాకా, అన్నాను.
అప్పుడు తలెత్తి చూసింది.
పెళ్లివాళ్లయితే జనరేటరు తెచ్చుకుంటారు.
బ్యాటరీలతో తెల్లార్చేది
చావింటి జాగారమే.

ముందు ఎర్రవి తీసింది.
లోపల బొగ్గు కడ్డీ, పైన సన్నటి రేకు.
చవక.
రెండో పాటకే ఆయాసం,
వేసవిలో వదిలేస్తే చీము కారుస్తాయి.
తర్వాత నల్లవి, బంగారు అంచువి.
మూడింతల ధర, అందులో సగం దొంగ సరుకు.
ఒక్కోదాన్నీ జానెడు ఎత్తునుంచి బల్ల మీదికి జారవిడిచింది.
ఎగిరి దొర్లిపోయింది ఉత్తది.
ధబ్బున నిలబడింది నిండుది.
కడుపు నిండినవాడు గంతులెయ్యడు కదా, అని నవ్వింది.

చేపల బుట్ట వెనక నీలం గొట్టాలు కొన్ని:
చచ్చిన ల్యాప్‌టాప్‌ల పొట్టలోంచి తీసినవి.
మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోవచ్చట.
ఏ కరెంటుతో, అని నేను అడగలేదు.
"వీటిలో ఉన్నది మన మట్టే.
కోల్వెజీలో మా అన్న కొడుకు తవ్వుతాడు.
సముద్రం దాటి వెళ్లి
ధర చీటీ అంటించుకుని వచ్చింది."
చేప మీద ఈగను తోలి,
"ఎవరు పోయారు?" అంది.

కపెండ్.
రైల్వేలో జెండా ఊపే కపెండ్,
నాకు ఆరు తీగలూ నేర్పినవాడు.

కొత్త బ్యాటరీ పాస్టరుగారి లాంటిదిరా, అనేవాడు,
ప్రతి మాటా విడివిడిగా వినబడుతుంది,
ఒక్కటీ లోపలికి దిగదు.
సగం అరిగిందే కావాలి మన పాటకి.
గొంతు కాస్త పగలాలి,
స్వరం అంచున ఇసక రాలాలి.
అరిగినవాటిని ఇంటి రేకుల మీద ఎండబెట్టేవాడు,
భార్య తిడుతుంటే పొద్దు తిరిగినప్పుడల్లా పక్కకి దొర్లించేవాడు.
పలకలదాన్ని నాలుకకి ఆనించి
కళ్లు మూసుకుని చెప్పేవాడు:
ఇది రెండు వారాలు.
ఇది నాలుగు పాటలు.
ఇది, పాపం, ఒక్క చరణం.
ఎప్పుడూ తప్పలేదు.
నాకేమో ఎంత నాకినా
చురుక్కు తప్ప లెక్క తెలియలేదు.

జేబులో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాను.
లావువి నల్లవే ఆరు,
పలకలది కొత్తది ఒకటి.
బస్సు డబ్బులు అయిపోయాయి.
నడుస్తాను, దూరం ఎంతని.

వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.
తన బుల్లి రేడియో వీపు ఊడదీసి
ఎర్ర పలకల బ్యాటరీ ఒకటి పీకి నా అరచేతిలో పెట్టింది.
"ఈస్టరు నుంచీ వార్తలు విన్నది ఇది.
ఇంకా ఎంత మిగిలిందో నాకు తెలీదు.
ఆయనకయితే తెలిసేది."
డబ్బు ఇవ్వబోతే
చేపలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

రైలు పట్టాల వెంబడే నడిచాను.
ఎడమ జేబులో కొత్తది,
కుడి జేబులో పాతది,
భుజానికి గిటారు, సంచిలో ఆరు బరువులు.
కొత్తది పెడితే తెల్లారేదాకా ఢోకా లేదు.
పాతది పెడితే
ఆయన గొంతు వస్తుంది,
ఏ చరణం మధ్యలో ఆగుతుందో దేవుడికెరుక.
సిగ్నల్ స్తంభం దగ్గర ఆగి
పాతదాన్ని నాలుకకి ఆనించాను.
కళ్లు కూడా మూసుకున్నాను.

టార్పాలిన్ పందిరి కింద కొవ్వొత్తులు.
అప్పటికే జనం బెంచీలు జరుపుకుంటున్నారు.
యూలాలీ అమ్మ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.
ఏదో అనాలి కదా.
దారంతా అనుకుంటూ వచ్చిన మాటే.
నాలుక మీద ఇంకా
పుల్లగా, మొద్దుగా, ఆ చురుకు.
ఎన్ని గంటలదో.