దగ్గుకు గుర్తు

నంబూరు దగ్గర బస్సు దిగి,
లారీలు కాస్త దయతలిచేదాకా హైవే అంచున నిలబడి,
తొమ్మిదీ నలభైకల్లా నా గది ముందుండేది
బత్తుల దీవెన.
ముందు ఆమె చున్నీలోంచి ఘాటు వచ్చేది,
తర్వాత నమస్కారం.

అంశం నేనే దిద్దాను, మూడుసార్లు.
"గుంటూరు మిర్చి యార్డు వృత్తిపదాలు: ఒక పరిశీలన".
"ఒక పరిశీలన" అనే తోక లేకపోతే
మా కమిటీలో ఏ శీర్షికా నిలబడదు.

ఫెలోషిప్ ఎనిమిది నెలలుగా రాలేదు.
పదాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.
టిక్కీ అంటే బస్తాయేగా అన్నాను.
కాదు సార్, నిండితేనే టిక్కీ,
ఖాళీగా ఉంటే దాన్నెవరూ పేరు పెట్టి పిలవరు.
తాలు అంటే రంగు పోయిన కాయ.
పని చేయలేని మనిషిని కూడా తాలే అంటారట,
ఆ మనిషి ఎదుటే, నవ్వుతూ,
ఆ మనిషీ నవ్వుతుందట.
తొడిమలు తీసీ తీసీ గోరు ఊడితే
"కాయకిచ్చుకున్నా" అంటుంది మస్తాన్‌బీ.
అలమారలోని నిఘంటువులన్నీ దించి చూశాను.
దుమ్ము లేచింది, మాట దొరకలేదు.

నాలుగో అధ్యాయంలో వచ్చింది పేచీ.
వాక్యాల మధ్యన చిన్న సున్నాలు,
ప్రతి సున్నా నెత్తినా ఒక గీత.
ఇదేంటమ్మా?
దగ్గు సార్.
దగ్గు భాష కాదు, అది చప్పుడు, తీసెయ్, అన్నాను.
పెదవుల మీద పుట్టే ధ్వనికి గుర్తుంది,
పళ్ళ వెనక పుట్టేదానికుంది,
ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద గీసి చూపిస్తున్నాను
నోటిని నిలువుగా కోసిన ఆ బొమ్మ,
అందులో ఊపిరితిత్తులు ఉండవు.
ఎర్ర కలంతో నూట పన్నెండు చోట్ల కొట్టేశాను.

దీవెన వాదించలేదు.
కాగితాలు సర్దుకుని,
"ఒక్కసారి వచ్చి వినండి సార్" అంది, అంతే.

ఫిబ్రవరి. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు.
ముక్కుకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు,
చుట్టూ ఎర్రటి గుట్టలు,
బయట ఎండ, లోపల ఇంకో ఎండ.
సలోమి తన కూతురి ఇంటర్ మార్కులు చెబుతోంది,
చేతులు ఆగవు, కళ్ళు కాయల మీదే,
"లెక్కల్లో తొంభై" అని ఆగింది.
ఆ ఆగడం దగ్గు కోసం.
దగ్గయ్యాక "మూడు" అంది.
తొంభై మూడు.
మధ్యలో ఉన్నది తీసేస్తే
ఆ పిల్ల మార్కులు వేరే మనిషి చెప్పినట్టుంటాయి.

బల్ల మీద రికార్డరు తిరుగుతోంది.
మంచి ప్రశ్న ఒకటి అడుగుదామని నోరు తెరిచాను,
ప్రొఫెసరు అడగాల్సిన ప్రశ్న,
అది బయటికి రాలేదు.
వచ్చింది వేరే.
వంగిపోయాను, కళ్ళజోడు కాయల్లో పడింది.
"నీళ్ళియ్యండే పంతులుగారికి" అని ఎవరో,
పక్కనించి ఇంకెవరో "కొత్తకాయ" అన్నారు.
షెడ్డంతా నవ్వింది, నవ్వుతూ దగ్గింది.
ఆ మాటకి నాకింకా అర్థం కచ్చితంగా తెలియదు.

జూన్‌లో సిద్ధాంత గ్రంథం బైండింగ్ అయి వచ్చింది,
మెరూన్ అట్ట, బంగారు అక్షరాలు.
సంతకానికి ముందు అలవాటుగా చివరి పేజీలు తిప్పాను,
వక్తల జాబితా.
మస్తాన్‌బీ, యాభై ఒకటి, యార్డులో ముప్పై ఏళ్ళు.
సలోమి, ముప్పై ఎనిమిది, పంతొమ్మిదేళ్ళు.
అలా ఇరవై రెండు పేర్లు.
ఆ కింద,
వక్త ఇరవైమూడు: పురుషుడు, యాభై ఎనిమిది,
విశ్వవిద్యాలయం.
యార్డులో పద్నాలుగు నిమిషాలు.
నమోదైన ఉచ్చారణ:
ఒక సున్నా, నెత్తిన గీత.

కిటికీ అవతల కొత్త బ్యాచి పిల్లలు
ఫీజు రశీదులు పట్టుకుని వరసలో ఉన్నారు.
నల్ల కలం కోసం వెతికాను.
దొరికింది ఎర్రదే.
దాంతోనే పెట్టాను సంతకం.