ఒకే తూము

టాబ్లెట్‌కి ఒకటే కన్నం.
చిటికెన వేలి గోరంత.
దానికే ఛార్జరు, దానికే కీబోర్డు,
దానికే పదహారు గళ్ళ ప్యాడు,
దానికే హెడ్‌ఫోను.
పాలకొల్లు బస్టాండు ఎదుట కొట్లో సాల్మన్
"సన్నగా ఉంటుందండీ, బరువుండదు" అన్నాడంతే.
ఔను, సన్నగానే ఉంది.
సన్నం చెయ్యడానికి కన్నాలన్నీ పూడ్చేశారు.

మొదట తీగ లేని హెడ్‌ఫోను తెచ్చాను.
"స" నొక్కితే వేలు లేచాక వినిపిస్తుంది.
"రి"కి వెళ్ళేసరికి "స" వస్తోంది,
కాలవ వదిలిన పన్నెండో రోజుకి
శివారు పొలానికి తడి చేరినట్టు.
మా మేళంలో డోలు కొట్టే పోసియ్య
ఒక చెవి ఆనించి చూసి
"మన దెబ్బ మనకే చుట్టంలా వస్తోందేంటమ్మాయ్" అని నవ్వాడు.

తీగదే కావాలి.
తీగకి కన్నం కావాలి.
కన్నంలో అప్పటికే కీబోర్డుంది.

నాన్న లాకుల దగ్గర లస్కరు.
ముప్పయ్యారేళ్ళు తలుపులెత్తాడు, దించాడు.
ఇప్పుడు పింఛను, మోకాళ్ళ నొప్పి,
నీళ్ళ హోరుకి సగం పోయిన చెవులు.
అరుగు మీద నా తంటా చూసి
"వంతులు పెట్టవే" అన్నాడు.
"మూడు బోదెలూ ఒక్కసారే తాగుతానంటే
తూమేం చేస్తుంది?
పొద్దున ఛార్జింగు, సాయంత్రం పాట."
"వాయిస్తున్నప్పుడే వినబడాలి కదా నాన్నా,
కళ్ళు మూసుకుని ఊడ్పులు ఊడవమంటే ఎలా?"
వినబడలేదు. గట్టిగా మళ్ళీ చెప్పాను.
"అయితే ఆ నోటికి దిగువన చీల్చు" అంటూ
చెయ్యి చాపి వేళ్ళు విడదీశాడు,
ధవళేశ్వరం దాటాక గోదారి
ఆయన మణికట్టు దగ్గరే విడిపోయినట్టు.

దాన్ని హబ్బంటారని సాల్మన్ చెప్పాడు.
మూడు వందల యాభై.
కీబోర్డు గుచ్చితే లైట్లు వెలిగాయి.
ప్యాడు గుచ్చితే అన్నీ ఆరిపోయాయి.
ఎవరో ఎక్కువ కరెంటు తాగేస్తున్నారని తెర మీద మాట,
ఎగువ రైతు మీద పితూరీ రాసినట్టు.

రెండోది తొమ్మిది వందలు.
ఛార్జరుకి వేరే నోరుంది దీనికి.
కీబోర్డు వెలిగింది, ప్యాడు వెలిగింది,
హెడ్‌ఫోను మూగబోయింది.
పాట ఎటు పోయిందో రెండు గంటలు వెతికాను.
తనకీ గొంతుందని కీబోర్డు చెప్పుకుందట,
చప్పుడంతా అటు మళ్ళిపోయింది,
గండి పడ్డ వైపు నీళ్ళు మళ్ళినట్టు.
కీబోర్డు వెనకాల, దుమ్ములో, చిన్న గుండ్రటి కన్నం.
హెడ్‌ఫోను తీసి అందులో పెట్టాను.
అక్కడుంది.
ఇన్నాళ్ళూ తప్పు గట్టున కూర్చుని గేలం వేశాను.

రాత్రి పదకొండు.
అమ్మ లేసు సగంలో వదిలి పడుకుంది.
చెల్లి కొడుకు ఇప్పుడిప్పుడే నిద్రపోయాడు.
నాన్నకి నిద్ర రాదు.
హెడ్‌ఫోను ఆయన తలకి తగిలించి
సౌండు చివరికంటా పెంచాను.
కీబోర్డు మీద నాలుగు స్వరాలు.
ముఖంలో ఏమీ లేదు.
ప్యాడు మీద తొమ్మిదో గడి నొక్కాను.

నిరుడు కాలవలు కట్టేసే ముందు
ఫోన్లో పట్టుకున్న చప్పుడది.
లాకు తలుపు లేస్తుంటే
ఇనుము ఇనుముని రాసుకున్న కీచు.
సాగదీసి, రెండు మెట్లు దించి
పాట కింద శ్రుతిగా పరిచాను.
ఎవరికీ చెప్పలేదు.
పోసియ్యకి సన్నాయని అబద్ధం చెప్పాను.

నాన్న చెయ్యెత్తాడు, ఆపమన్నట్టు.
మళ్ళీ నొక్కమన్నాడు.
ఇంకోసారి.

"మూడో తలుపు!"
చెవులు సరిగ్గా పనిచెయ్యని మనిషి అరిచినట్టే
ఇల్లంతా లేచేలా అన్నాడు.
"గ్రీజు పెట్టట్లేదే ఆ కుర్రాళ్ళు!"

లోపల పిల్లాడు ఏడుపందుకున్నాడు.
నాన్న హెడ్‌ఫోను తియ్యలేదు.
వంతు నాది.
అడగలేదు.