జత

మూడు ఆటలు దించాను మునెమ్మ కూతురి కోసం.
మొదటిది మధ్యలో సబ్బు అమ్మింది, తీసేశాను.
రెండోది తప్పు నొక్కితే బర్రుమంది;
పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.
మూడోది నయం, తొందరపెట్టదు.
ఆవు పక్కన దూడని పెట్టింది లోహిత.
కాదంది ఆట. ఆవుకి ఆవే కావాలంట.
"దూడకి ఆకలి గదక్కా!"
మార్కులేసే నా కాగితంలో ఆ గడి లేదు.

అలిపిరి చెప్పుల స్టాండులో
వాళ్ళమ్మ టోకెన్లు ఇస్తా ఉంది.
ఫోను నా ఒళ్ళో పడేసి
చెదిరిన కుప్పలోకి దూరింది పిల్ల.
పిన్నీసు గుచ్చిన ఎడమ చెప్పుకి
పిన్నీసు లేని కుడిది ఏరి తెచ్చింది.
ఎట్ల తెలిసిందే?
"రెండిటికీ ఒకటే ఎర్రమన్ను."

ఐదుకి ఎంతెయ్యాలో తెలీక
మూడో ఆటని ఉంచాను,
శబ్దం తీసేసి.