చల్లటి బానెట్

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను:
రెండువేల మూడువందల పౌండ్లు.
చీజ్ ఫ్యాక్టరీలో పద్నాలుగు నెలల రాత్రి షిఫ్టులు,
ఎంత కడిగినా వేళ్లను వదలని పుల్లటి వాసన.
అందులోంచే ఇన్సూరెన్సు మొదటి వాయిదా నాలుగువందలు.

"అవసరానికైతే ఏ పాత డొక్కైనా చాలు,"
అన్నాడు ఇద్రిస్, గ్యారేజీ గుంతలోంచి తల మాత్రం బయటపెట్టి.
"నీకు కావలసింది అవసరం కాదు కదా, నెరిస్."

కాదు.
రిగోస్ కొండ మలుపుల్లో, రెండో గేరులో
ఇంజను పళ్లు బిగించి పైకెక్కుతుంటే
నా వీపు సీటుకు అతుక్కుపోవాలి.
దాన్ని అవసరం అనరని తెలుసు.
మరేమంటారో ఎవరూ చెప్పలేదు.

ఇద్రిస్ నేర్పింది ఒక్కటే పాఠం:
మనిషిని పలకరించే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు.
వెచ్చగా ఉందా, నువ్వు రాకముందే బుజ్జగించి ఉంచారన్నమాట,
చలిలో అది దగ్గే దగ్గు నీ చెవిన పడకూడదని.

మొదటిది న్యూపోర్ట్‌లో.
ఎర్రగా, తుడిచి తుడిచి, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు.
చెయ్యి పెట్టాను. అప్పుడే దింపిన అన్నం గిన్నె.
"ఇప్పుడే పాలకని వెళ్లొచ్చా," అన్నాడు కుర్రాడు.
చేతిలో పాలు లేవు.

రెండోది కార్డిఫ్‌లో, ఫ్లాట్ల వెనక.
నాలుగు టైర్లకి నాలుగు కంపెనీలు, ఒక్క పేరూ విన్నది కాదు.
పైన పటారం, లోన లొటారం:
తలుపు రబ్బరు మీద పెయింటు తుంపరలు,
స్పేరు టైరు గుంతలో నీళ్లు, అందులో తేలుతూ ఒక పసిపిల్ల మేజోడు.
సైలెన్సరు అరుపులో పావువంతు పరుగైనా లేదు.
అయినా కొనేసేదాన్ని.
ఒప్పుకోవాలి కదా. ఆ స్టీరింగు అరచేతుల్లో ఇమిడిన తీరుకి
పద్దెనిమిది వందలు లెక్కపెట్టి బయటికి తీశాను కూడా.
వాన మొదలైంది. వైపర్లు కదల్లేదు.
ఆ వైపర్లకి జన్మంతా రుణపడి ఉంటాను.

మూడోదాన్ని నేను వెతకలేదు.
ట్రెడీగర్ లాండ్రీ గోడకి ఒక కార్డు, వంకర అక్షరాలు:
"క్లియో. నలుపు. వేగంగా పోతుంది.
నెమ్మదిగా నడిపేవాళ్లు రావద్దు."

తలుపు తీసింది బ్లోద్వెన్ ప్రొస్సర్, డెబ్బై మూడేళ్లు.
"ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపాను,
వెనక పిల్లలు, ముందు గొర్రెలు, నత్తనడక.
రిటైరైన వారమే దీన్ని తెచ్చుకున్నాను."

బానెట్ మీద చెయ్యి పెట్టాను.
వానకి తడిసిన పలకరాయి.
"నీకెవరో బాగానే నేర్పారు," అని నవ్వింది.

తాళం తిప్పితే దగ్గింది. రెండోసారికి అందుకుంది.
వెనక చక్రం పైన నాణెమంత తుప్పు,
దాచలేదు, తనే వేలు పెట్టి చూపించింది.
బిస్కెట్ డబ్బా నిండా రసీదులు:
టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు, క్లచ్చి,
మధ్యలో రెండు స్పీడు జరిమానాలు, అవీ భద్రంగా మడిచి.

"మరి అమ్మడమెందుకు?"
రెండు కళ్లలోనూ నడిమధ్య మచ్చ పెరుగుతోందట.
కంచెలు కనిపిస్తాయి, రోడ్డు కనిపించదు.
ఎంత మామూలుగా చెప్పిందంటే
ఏమనాలో తోచక వంగి టైర్లు చూశాను.

అడిగింది రెండువేల నాలుగువందలు.
నా దగ్గరున్నది పందొమ్మిది వందలు.
బేరమెలా ఆడాలో ఇద్రిస్ నేర్పలేదు; ఉన్న అంకె చెప్పేశాను.
వంటింట్లో కెటిల్ మరిగి, టక్కున ఆగేదాకా ఆమె మాట్లాడలేదు.

"పక్కసీటు నాది," అంది చివరికి.
"నెలకో ఆదివారం, రిగోస్ పైకి.
నేను చెప్పేదాకా బ్రేకు తొక్కకూడదు."
"మీకు మలుపు కనిపించదు కదా!"
"వినిపిస్తుంది."

ఇంటికొచ్చే దారిలో, మొదటి మలుపులోనే
తొందరపడి బ్రేకు తొక్కాను.
పక్కసీటు ఖాళీ.
అయినా సిగ్గేసింది.