లాభం, రెండు, మూడు

ముందు ఆ కిట్ లెన్సు తీసి సంచీలో పడేయ్, తిరినాథూ.
దాంతో దగ్గరికెళ్లి తీస్తే
దాలమ్మ ముక్కు వంకాయంత అవుతుంది,
చెవులు ఊరు దాటిపోతాయి.
యాభై ఎంఎం బిగించు. రెండడుగులు వెనక్కి.
వెనక సైకిలుంది, చూసుకో.

పర్లాకిమిడి సంతలో పదిన్నర ఎండ
నెత్తిన నిలబడి కళ్ల కింద గుంటలు తవ్వుతుంది.
నీడలోకి పోదామంటే
ఆవిడ పైన కట్టింది నీలం టార్పాలిన్,
దాని కింద పెళ్లికొడుకైనా జ్వరప్పడ్డట్టే ఉంటాడు.
అంచుకి రమ్మను. ఎండ మొదలయ్యే చోటుకి
ఓ జానెడు ఇవతలికి.
ఎదురుగా సున్నం గోడ ఉందిగా,
అదే నీ లైటు. కరెంటు బిల్లు రాదు.

కూర్చో. ప్యాంటు మాస్తే మాస్తుంది.
నిలబడి తీస్తే మనుషులు
అర్జీ పట్టుకొచ్చినట్టు పడతారు.
తలలోంచి కరెంటు స్తంభం మొలిచింది, చూశావా?
నువ్వు జరుగు. ఆవిణ్ణి జరపకు.

ఎపర్చరు పూర్తిగా తెరవాలని నీకు దురద.
నాకూ ఉండేది.
ఒక కన్ను బతికి, రెండోది మంచులో పోయిన పెళ్లికూతుళ్లు
నా బీరువాలో ఇంకా ఉన్నారు.
రెండూ పాయింటు ఎనిమిది చాలు.
ఫోకస్సు దగ్గరి కంటి మీద,
ఆ కంట్లో మెరిసే గోడ మీద.

వెనక మందుల షాపు బోర్డు.
ఒడియా అక్షరాలూ మనవీ ఎలాగూ గుండ్రమే,
మసకలో అన్నీ సున్నాలు.
ఏది ఏ భాషో వాటికే తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి.
ముప్పై ఏళ్లు స్టూడియోలో నేను చేసిన తప్పు:
"గడ్డం పైకి, కదలొద్దు, వన్ టూ త్రీ."
త్రీ అనేసరికి మనిషి వెళ్లిపోయి
స్టూలు మీద రేషన్ కార్డు కూర్చునుండేది.

నువ్వు లెక్కపెట్టకు. ఆవిణ్ణి పెట్టనీ.
దాలమ్మ బేరం ఒడియాలో ఆడుతుంది,
ఆశీలు వసూలుకొచ్చినవాడితో ఒడియాలో పోట్లాడుతుంది,
అడ్డాకు విస్తర్లు ఒళ్లోకి తీసుకుందంటే మాత్రం
లాభం, అంటుంది.
ఒకటి అనదు. వాళ్లమ్మ అనలేదు గనక.
లాభం, రెండు, మూడు...
పదకొండు దాటాక నుదురు వదులవుతుంది.
పదిహేడు దగ్గర వేలు తడుపుకుంటుంది.
నీ వేలు అప్పటికే బటన్ మీదుండాలి.
షట్టరు రెండొందలకి తగ్గకూడదు,
చేతులు ఆగవు ఆవిడవి.

నొక్కావా?
చప్పుడికి తలెత్తింది.
"ఏటి, ఎంతలో ఉన్నాను నాను?"
నువ్వు ఇరవై అన్నావు, నేను ఇరవై రెండన్నాను.
తిట్టింది, తెలుగులోనే.
దొంతర పడదోసి మళ్లీ లాభం దగ్గర మొదలెట్టింది.

కెమెరా ఇలా ఇయ్యి.
లెక్క తప్పించినందుకు ఓ కట్ట కొను.
ఇంట్లో పెళ్లేమీ లేదంటావేం?
వంద ఉన్నాయో లేవో
ఆ సున్నం గోడకెదురుగా కూర్చుని చూసుకో,
ఒక్కొక్కటీ.