నిన్నటి ధర

రాత్రి పదకొండుకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇంటికెళ్లి పడుకున్నా.
తెల్లారి ఐదున్నరకి మిర్చి యార్డు నుంచి ఫోను:
"సైదా, నీ డబ్బా బిగుసుకుపోయింది, రా."

గేటు దాటకముందే మొదటి తుమ్ము.
పదకొండేళ్లుగా వస్తున్నా
గుంటూరు ఘాటు నన్ను కొత్త అల్లుడిలాగే పలకరిస్తుంది.
రేకుల కప్పు కింద, టిక్కీల వరసల పైన
తెర మీద ఇంకా నిన్నటి అంకె:
తేజ, క్వింటా పంతొమ్మిది వేల రెండొందలు.
మూలన గడియారంలో రాత్రి పదకొండూ నాలుగు.

ప్లగ్గు పీకాను. ముప్పై దాకా లెక్కపెట్టాను. పెట్టాను.
కంపెనీ గుర్తు గిరగిరా తిరిగింది,
ధర వచ్చింది,
దాని వెనక బొమ్మలు నాలుగు వచ్చి
మళ్లీ ధర దగ్గరే కొయ్యబారింది.
రేటు మారాలంటే చుట్టు పూర్తవ్వాలి.
చుట్టు పూర్తవ్వాలంటే
అడ్డం పడ్డదేదో దాటాలి.

రీసెట్ చిల్లులోకి దూర్చటానికి ఏమీ లేదు.
తొడిమలు తీస్తున్న మేరమ్మ
గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసిచ్చింది.
"లోపల ఎన్ని ఉన్నయ్యి?"
"ముప్పై ఒకటి."
"తాలు ఏరినట్టు ఒక్కోటే ఏరు మరి.
గంపంతా పారబోస్తావా ఏంది?"

కూర్చున్నా. ఒక్కో ఫైలూ తీసి, నడిపి, పక్కన పెట్టి.
విత్తనాల కొట్టు. ట్రాక్టరు. కంటి ఆసుపత్రి.
ఎర్రటి దుమ్ము కీబోర్డు మీద పేరుకుంటోంది,
తుడిస్తే చెయ్యి మండుతోంది,
మరిచిపోయి కన్ను నలిపాను, ఇక చెప్పొద్దు.

అప్పుడొచ్చాడు కారెంపూడి అంకమ్మరావు,
కౌలు చేను, నలభై టిక్కీలు, రాత్రంతా లారీ మీద.
"ఇవాళ ఎంతంట?"
సెక్రటరీ గారి చీటీలో ఉంది, నేను చూశాను.
పదహారు వేల ఎనిమిదొందలు.
చెప్పాను.

తల ఎత్తి తెర వంక చూశాడు చాలాసేపు.
"దాన్ని కాసేపు అట్టానే ఉంచరాదా?
నువ్వు బాగుచేస్తే మాకు చెడుద్ది."
"కొనేది బోర్డు కాదు గదా బాబాయ్."
"తెలుసులేవయ్యా. చూసుకోటానికి.
నిన్న మా ఆడదానికి ఆ అంకె చెప్పే లారీ ఎక్కా."

కాయని చల్లగా దాచే కోల్డ్ స్టోరేజీలు
ఈ ఊరి చుట్టూ ఎన్నో.
రేటుని దాచేది ఒక్కటీ లేదు.
ఇవాళ ఆ పనేదో
అరచేతంత నా డబ్బా చేస్తోంది.

పంతొమ్మిదో ఫైలు దగ్గర ఆగిపోయింది.
పోయినేటి పురుగుమందు ప్రకటన, నలభై సెకన్లది.
పచ్చటి చేలో ఒకడు చేతులు చాపి నవ్వుతుంటాడు.
పాత సాఫ్ట్‌వేర్ వాణ్ణి ఎట్టాగో మింగేది,
కొత్తదానికి గొంతు సన్నం.
నవ్వు సగంలో ఇరుక్కుని
కిందికీ దిగడు, పైకీ రాడు.

తీసేస్తే అయిపోయె. వేలు మీట మీదే ఉంది.
వరండా పొడుగూతా రైతులు
తలలు పైకెత్తి, ఒక్క మాటా లేకుండా.
ఎవరో పిల్లాడు ఫోనెత్తి తెరని ఫొటో తీసుకున్నాడు.

"టీ తాగొచ్చి నొక్కుతా" అన్నాను.
సెక్రటరీ గారు కూడా ఏమనలేదు.
గేటు బయట ఆ అర గ్లాసు టీ
ఇరవై నిమిషాలు తాగాను.

తిరిగొచ్చి నొక్కాను.
గడియారం ఒక్క ఉదుటున రాత్రంతా దూకి
ఎనిమిదింబావు దగ్గర నిలబడింది.
పదహారు వేల ఎనిమిదొందలు.
అంకమ్మరావు అప్పటికే కాటా దగ్గరున్నాడు,
వెనక్కి తిరగలేదు.

సర్వీసు చీటీలో రాశాను:
లోపం, పాత ఫైలు. పట్టిన సమయం, రెండున్నర గంటలు.
ఆ ఇరవై నిమిషాలూ కలిపే.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే గుచ్చుకుంది,
మేరమ్మ పిన్నీసు.
తుమ్మాను.