ప్రకటించలేదు

ముక్కామల అంగన్‌వాడీకి రేకుల కప్పు.
మధ్యాహ్నం పడుకోబెడితే పిల్లలు
చాప వదిలేసి గచ్చు మీదికి దొర్లిపోతారు,
బుగ్గలు సిమెంటుకి ఆనించి.
ఆ రేకుకీ ఆ బుగ్గలకీ మధ్య
ఏం పరచాలో తేల్చాల్సిన ఇంజనీరును నేను.

బల్ల మీద మొదటిది నురుగు పలక.
ముప్పై నాలుగు పేజీల జాతకం:
ఏ చమురులోంచి పుట్టింది, ఎంత కరెంటు తాగింది,
ఏ గోతిలో కన్నుమూస్తుంది.
తన పాపాన్ని తనే దశాంశాలతో సహా చెప్పుకుంది.
అంత ఒప్పుకోలు ఏ కాంట్రాక్టరు నోటా వినలేదు నేను.

రెండోది రాతి ఊలు.
కొలిమి మంట దాచలేదు గానీ
లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది.
గేటు నుంచి రావులపాలెం వంతెన దాకా
లారీ గాల్లో వచ్చినట్టు.

మూడోది మా అంబాజీపేట పీచు పలక.
దానికి పత్రమే లేదు.
పెచ్చెట్టి వీర్రాఘవులు గారు రసీదు వెనకాల
బాల్‌పెన్నుతో రాసిచ్చారు:
"సరుకు మంచిదండి."

పట్టికలో ఆ వరస పొడుగునా రాసుకుంటూ పోయాను
ప్రకటించలేదు
ప్రకటించలేదు
ప్రకటించలేదు

ప్రకటించనిది సున్నా కాదు.
కొబ్బరి మనింటి మనిషే కదా అని
లెక్క మాఫీ చెయ్యలేను.

వెళ్ళాను.
డొక్కలు నానేసిన గుంటలో నీళ్ళు కషాయం రంగు.
"ఇక్కడ కొరమేను పడేదండి, ఇప్పుడు వాసనే పడతాది"
అంది గుత్తుల నూకరత్నం, మోకాళ్ళ లోతులో నిలబడి.
జిగురు కేరళ నుంచి డ్రముల్లో వస్తుంది.
మోటారుకి విడిగా మీటరు లేదు.
"బిల్లొస్తుంది గదమ్మా, చాలదా?" అన్నారు వీర్రాఘవులు గారు.

ధర్మకాటా మీదికి ట్రాలీ ఎక్కించాం,
ఒకసారి డొక్కలతో, ఒకసారి పీచుతో.
మధ్యలో పోయిన తూకం ఎంతో
కాటా ముల్లు ఆగకముందే చెప్పేసింది నూకరత్నం.
కిలో అటూ ఇటూ.

చెట్టు మింగిన గాలి వల్ల మైనస్ గుర్తొచ్చింది.
మురిసిపోయి, మళ్ళీ చివరి దశ చదువుకున్నాను:
పలక పాతబడి పొయ్యిలోకెళ్ళిన రోజు
ఆ అప్పు గాలికి తిరిగి కట్టాలి.
నురుగంత చలువ ఇవ్వాలంటే
పీచు ఇంకా మందం కావాలి.
ఒకే మందాన్ని కాదు, ఒకే చలువని పోల్చాలి.
అన్నీ కలిపినా, దూరం కలిపినా,
పీచే తేలింది. కొద్దిగానే.

టెండరులో రాశాను: పీచు పలక, మందం ఇంత,
గుంట నీళ్ళు శుద్ధి చేశాకే కాలవలోకి.

కాగితం చూపిస్తే నూకరత్నం
గడులన్నిటి మీదా తడివేలు పోనిచ్చి అడిగింది:
"నీళ్ళున్నాయి, కరెంటుంది, లారీ ఉంది.
మరి నా నడుం ఏ గడిలో ఏశారండి?"

పట్టిక కుడి అంచున పెన్సిల్‌తో
ఇంకో నిలువు గీత గీశాను.
పైన ఆవిడ పేరు రాశాను.
కొలమానం దగ్గర చెయ్యి ఆగింది.